ఐదులో 95, ఆరులో 70: విశాఖ ప్రైవేటు బడుల్లో మధ్య మూడేళ్ల లెక్క

సంక్షిప్తంగా: 6, 7, 8 తరగతుల్లో పదో తరగతిలా బోర్డు పరీక్ష ఏదీ ఉండదు. పేపరు తయారుచేసేదీ, దిద్దేదీ, మార్కు వేసేదీ చాలావరకు బడే. అందుకే ఈ మూడేళ్ల మార్కుల్లో పిల్లల చదువు కన్నా బడి పరీక్షా పద్ధతే ఎక్కువగా కనిపిస్తుంది. ఆరులో మార్కులు ఎందుకు పడతాయి, ఏడులో ఎందుకు లేస్తాయి, తొమ్మిదిలో మళ్లీ ఎందుకు జారతాయి, ఫౌండేషన్ కోర్సులు, సిలబస్ మార్పులు, బస్సు ప్రయాణాలు ఇందులో ఎక్కడ తగులుతాయన్నది ఈ విశ్లేషణ.

ఎఫ్‌ఏ-1 (ఏడాదిలో మొదటి ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రోగ్రెస్ కార్డులు చేతికొచ్చిన వారంలో ఎంవీపీ కాలనీ అయినా గాజువాక అయినా పేరెంట్స్ మీటింగులో వినిపించే మాట ఒకటే: "ఐదో తరగతి దాకా తొంభై తగ్గలేదండీ, ఆరులో ఏమైందో తెలీడం లేదు." బడి నుంచి వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే: "ఇంకొంచెం ఫోకస్ పెట్టాలి." ఈ జవాబుతో కారణం తెలియదు. కారణాలు మాత్రం చాలావరకు కంటికి కనిపించేవే.

ఆరులో మారేవి

ఐదు వరకు చాలా బడుల్లో ఇద్దరు ముగ్గురు టీచర్లే సబ్జెక్టులన్నీ చూస్తారు. లెక్క రాక ఆగింది ఎవరో, ప్రశ్న చదవడం రాక ఆగింది ఎవరో వాళ్లకు తెలుస్తుంది. ఆరులో సబ్జెక్టుకొక టీచరు వస్తారు, ఒక్కొక్కరికి మూడు నాలుగు సెక్షన్లుంటాయి. విద్యాహక్కు చట్టం ఈ తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలంటుంది. సీబీఎస్ఈ సెక్షనుకు 40 మందిని పరిమితిగా చెబుతుంది. 40 మంది చొప్పున నాలుగు సెక్షన్లున్న లెక్కల టీచరు ముందు 160 నోటుబుక్కులుంటాయి. పుస్తకానికి రెండే నిమిషాలు ఇచ్చినా అన్నీ దిద్దేసరికి 5 గంటల 20 నిమిషాలు పడుతుంది. నోటుబుక్కుల్లో టిక్కు, సంతకం, తేదీ కనిపించి, తప్పు జరిగిన మెట్టు కింద గీత కనిపించకపోవడం టీచరు అశ్రద్ధ అనుకోవడం తేలిక. ఈ లెక్క చూశాక అంత తేలికగా అనలేం.

రెండోది సబ్జెక్టుల స్వరూపం. ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) రెండుగా చీలి సైన్సు, సోషల్ అవుతుంది. రాష్ట్ర సిలబస్‌లో ఎనిమిదికి వచ్చేసరికి సైన్సు మళ్లీ చీలి ఫిజికల్ సైన్సు, బయాలజీ అవుతుంది. లెక్కల్లో అప్పటిదాకా సంఖ్య అంటే లెక్కపెట్టగలిగేది. ఆరు, ఏడుల్లో సున్నాకు కిందకు దిగే సంఖ్యలు, అంకె బదులు అక్షరం నిలబడే బీజగణితం వెంటవెంటనే వచ్చిపడతాయి.

ఇక్కడ పుట్టే తప్పులు మూడు నాలుగు రకాలే, ఏ బడిలో చూసినా అవే. 1/2కి 1/3 కలిపి 2/5 అని రాస్తారు: పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశారన్నమాట. మైనస్ 3లోంచి 5 తీసేస్తే ప్లస్ 8 అంటారు. "మైనస్ మైనస్ ప్లస్" అనే మాట గుణకారం కోసం నేర్చుకున్నది, దాన్ని తెచ్చి కూడికలో వాడతారు. మూడు ఎక్స్‌కి రెండు కలిపితే ఐదు ఎక్స్ అంటారు. ఇవి నిర్లక్ష్యం వల్ల వచ్చే తప్పులు కావు. ఒక్కోదాని వెనుక ఒక నియమం ఉంది, అది తప్పు చోట పనిచేస్తోంది. కాబట్టి "జాగ్రత్తగా చెయ్యి" అన్నంత మాత్రాన పోవు. ఆరులో సరిచేయకపోతే భిన్నాల తప్పు ఏడులో సమీకరణాల్లోనూ, గుర్తుల తప్పు ఎనిమిదిలో ఘాతాంకాల్లోనూ, రెండూ కలిసి తొమ్మిదిలో బహుపదుల్లోనూ బయటపడతాయి. అప్పుడు పిల్లవాడికి "ఆల్జీబ్రా రాదు" అన్న పేరు పడుతుంది. రానిది ఆల్జీబ్రా కాదు, ఆరో తరగతి మొదటి అర్ధభాగం.

యాభైకి 36 అంటే ఎంత

ఆంధ్రప్రదేశ్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చిన ఎఫ్‌ఏ పద్ధతిలో 50 మార్కులు నాలుగు ముక్కలు: తరగతిలో పాల్గొనడం, ప్రతిస్పందనకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు (చిన్న రాత పరీక్షకు) 20. పేర్లు, విధానం ఆ తర్వాత మారుతూ వచ్చినా ప్రైవేటు బడులు మార్కు పంచే తీరులో ఈ నమూనా ఇంకా బలంగానే ఉంది.

ఒక పిల్లకు 36 వచ్చిందనుకుందాం. 72 శాతం, ఫరవాలేదనిపిస్తుంది. విడదీసి చూస్తే పాల్గొన్నందుకు 9, నోటుబుక్కు 9, ప్రాజెక్టు 10, స్లిప్ టెస్టు 8 అని తేలవచ్చు. ఇరవైకి ఎనిమిది అంటే 40 శాతం. ఇంట్లో చార్టు అంటించి పెట్టినవాళ్ల పనితనం, అందంగా రాసిన నోటుబుక్కు కలిసి ఆ 40ని 72 చేశాయి. దీనికి తిరగేసిన కేసూ ఉంటుంది: నోటుబుక్కు పూర్తిచేయక 5, ప్రాజెక్టు ఆలస్యంగా ఇచ్చి 5, పాల్గొన్నందుకు 7, స్లిప్ టెస్టులో 19. మొత్తం అదే 36. ఈ ఇద్దరికీ అవసరమైన సాయం ఒకటి కాదు, ప్రోగ్రెస్ కార్డు మాత్రం ఇద్దర్నీ ఒకే గాటన కడుతుంది.

సీబీఎస్ఈ బడుల్లో 6 నుంచి 8 వరకు చాలాచోట్ల 9, 10 తరగతుల కొలతనే కిందకు దించుకుంటారు: రాత పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20. ఆ 20 కూడా పీరియాడిక్ టెస్టు, ఇతర పద్ధతుల మూల్యాంకనం, పోర్ట్‌ఫోలియో (పిల్లలు చేసిన పనుల ఫైలు), సబ్జెక్టు ఎన్‌రిచ్‌మెంట్ (సబ్జెక్టుకు తోడు చేసే పనులు) అని ఐదేసి మార్కులు. ఇక్కడ అలంకారం వాటా తక్కువ. అయితే 80 మార్కుల పేపరు కూడా బడి తయారుచేసిందే.

ఏడు, ఎనిమిదిలో మార్కులు మళ్లీ పెరగడానికి పెద్ద కారణం ఇక్కడే ఉంది. పరీక్షకు వారం ముందు "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" పేరుతో డైరీలోనో వాట్సాప్ గ్రూపులోనో పదిహేను ఇరవై ప్రశ్నలు వస్తాయి, పేపరు వాటిలోంచే వస్తుంది. పిల్లలు ఆ పద్ధతికి అలవాటుపడతారు. చదవడం నేర్చారా, పరీక్షను నేర్చారా అన్నది మార్కు చూసి తేల్చలేం. మీటింగులో అడగాల్సింది "మా వాడు ఎలా చదువుతున్నాడు" అని కాదు. మార్కులు ముక్కలుగా ఎన్నెన్ని, దిద్దిన పేపరు చూడొచ్చా, పాఠంలో లేని కొత్త ప్రశ్న ఎన్ని మార్కులకు ఇచ్చారు అని అడగాలి. మూడో ప్రశ్నకు జవాబు "ఇవ్వలేదండీ" అయితే 95కీ 80కీ పెద్ద తేడా లేదు.

దిద్దిన పేపర్లు రెండు దొరికితే చాలు, అరగంటలో ఇంట్లోనే పని అవుతుంది. పోయిన ప్రతి మార్కు పక్కన ఒక అక్షరం రాయాలి: విషయం తెలియకపోతే "తె", తెలిసినా ప్రశ్న అర్థం చేసుకోకపోతే "ప్ర", చేస్తూ చేస్తూ జారితే "జా", టైము చాలకపోతే "టై". ఇంగ్లిషు మీడియంలో చదివే తెలుగు పిల్లల సైన్సు, సోషల్ పేపర్లలో "ప్ర" గుంపుగా కనిపిస్తే దానికి సైన్సు ట్యూషన్ మందు కాదు. ప్రశ్నలో "వివరించండి", "పోల్చండి", "కారణాలు చెప్పండి" అనే మూడింటికీ పిల్లలు ఒకే జవాబు రాస్తున్నారేమో చూడాలి. కంఠస్థం చేసిన పేరా ఒకటే అయితే మూడింటికీ అదే దిగుతుంది.

ఒకే తరగతి, రెండు పుస్తకాలు

టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్ అని పేరు ఏదైనా, నగరంలో చాలా బడుల్లో ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్, అంటే ఐఐటీ ప్రవేశ పరీక్షకు ముందస్తు తయారీ, మొదలవుతుంది. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెంటల్ ఎబిలిటీకి వేరే మెటీరియల్, వారాంతపు పరీక్ష, ర్యాంకుల జాబితా, ర్యాంకును బట్టి సెక్షన్ల మార్పు. ఇది మంచిదా చెడ్డదా అన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది. దాని కన్నా ఉపయోగపడే ప్రశ్న వేరే ఉంది: ఆ పీరియడ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

రోజుకు 40 నిమిషాల పీరియడ్లు ఎనిమిది, వారానికి ఆరు రోజులు అనుకుంటే మొత్తం 48. రోజుకు 5 గంటల 20 నిమిషాల బోధన. విద్యాహక్కు చట్టం 6-8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు సుమారు నాలుగున్నర గంటలు. రెండింటి మధ్య మిగిలేది 45 నిమిషాలకు కాస్త అటూఇటూ, అంటే ఒక పీరియడ్. రోజుకొక ఫౌండేషన్ పీరియడ్‌ను ఈ మిగులులోంచి తీసుకోవచ్చు. రెండు పెడితే రెండోది వేరొకదాని నుంచి రావాలి. మొదట పోయేవి ఆటలు, డ్రాయింగు, లైబ్రరీ. తర్వాత తెలుగు, హిందీ, సోషల్ పీరియడ్లు సన్నబడతాయి. అవీ కదపకపోతే బడి సాయంత్రం ఐదు దాకా సాగుతుంది. టైంటేబుల్ అడిగి తీసుకుని సబ్జెక్టువారీగా పీరియడ్లు లెక్కపెడితే అంతా తెలిసిపోతుంది. కాగితం మీద పీఈటీ (ఆటల) పీరియడ్ ఉందా అన్నదాని కన్నా, పోయిన వారం ఆ పీరియడ్‌లో ఏం జరిగిందని పిల్లలనే అడగడం మేలు.

రెండో చిక్కు వరుస తప్పడం. చలన సమీకరణాలు ఎన్‌సీఈఆర్‌టీలో తొమ్మిదో తరగతి పాఠం. కొన్ని ఫౌండేషన్ పుస్తకాలు దాన్ని ఏడులోనే తెస్తాయి. సమీకరణంలో ఒక పదాన్ని అటు నుంచి ఇటు మార్చడం పిల్లలు అదే ఏడాది లెక్కల్లో అప్పుడే నేర్చుకుంటూ ఉంటారు. "వీ ఈక్వల్స్ యూ ప్లస్ ఏటీ" అని ఫార్ములా కంఠస్థమవుతుంది, అంకెలు పెడితే జవాబూ వస్తుంది. బ్రేకు వేసిన బస్సుకు త్వరణం గుర్తు ఏమిటని అడిగితే ఆగిపోతారు. మైనస్ సంఖ్య దగ్గర మిగిలిన ఖాళీ అక్కడ బయటపడుతుంది. మంచి ఫౌండేషన్ కోర్సు ఆ నెలలో తరగతి పుస్తకంలో నడుస్తున్న పాఠాన్నే లోతుగా తవ్వుతుంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఆగస్టులో ఏ పాఠాలు నడిచాయో చూస్తే ఏ రకమో తెలుస్తుంది.

మూడోది పరీక్ష తీరు. నాలుగు ఆప్షన్లు, ఒప్పుకు ప్లస్ 4, తప్పుకు మైనస్ 1. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే నాలుగింట ఒకటి తగులుతుంది: నాలుగు ప్రశ్నలకు ప్లస్ 4, మైనస్ 3, నికరంగా ఒక మార్కు లాభం. ఒక ఆప్షన్ తప్పని తెలిస్తే మూడు ప్రశ్నలకు రెండు మార్కులు మిగులుతాయి. గుడ్డిగా పెట్టినా నష్టం లేదని పన్నెండేళ్ల పిల్లలు ఎవరూ చెప్పకుండానే కనిపెడతారు. మెట్లు రాయడం ఆగిపోతుంది. తొమ్మిది, పదిలో మెట్లకే మార్కులు. ఒప్పు జవాబు రాసినా సగం మార్కులు పోయాయన్న ఫిర్యాదు అక్కడ పుడుతుంది.

ఒలింపియాడ్ అనే మాట దగ్గరా గందరగోళం ఉంది. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు దారితీసే అధికారిక తొలి పరీక్ష ఐఓక్యూఎం. అది 8 నుంచి 12 తరగతుల వాళ్లకు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, ఆప్షన్లు ఉండవు. ఆరో తరగతి పిల్లలకు బడిలో ఫీజు కట్టించి రాయించే "ఒలింపియాడ్లు" ప్రైవేటు సంస్థలవి, ఆ మెట్లతో వాటికి సంబంధం లేదు. సరదాగా రాయిస్తే పోయేదేం లేదు గానీ, వచ్చిన మెడల్‌ను ప్రతిభకు కొలతగా తీసుకోకూడదు.

డిసెంబరు నుంచి జరిగే "టాలెంట్ టెస్టు"ల సంగతీ అంతే. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశానికి పిల్లలనైనా తల్లిదండ్రులనైనా వడపోయకూడదు, క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదు. వడపోస్తే మొదటిసారి రూ.25,000 వరకు, ఆపై ప్రతిసారీ రూ.50,000 వరకు జరిమానా. అందుకే పరీక్షకు ప్రవేశ పరీక్ష అని పేరుండదు, ఫీజు రాయితీ పరీక్ష అని ఉంటుంది. రాయితీ ట్యూషన్ ఫీజుకేనా, మొత్తానికా, మరుసటి ఏడాదీ ఉంటుందా, మెటీరియల్, రవాణా, యూనిఫాం విడిగా ఎంత అన్నది కాగితం మీద రాయించుకోకపోతే 30 శాతం రాయితీ రెండో టర్ముకే కరిగిపోవచ్చు.

రెండు సిలబస్‌ల ఊరు

నౌకాదళం, రైల్వే, పోర్టు, స్టీల్‌ప్లాంట్ ఉన్న ఊరు కనుక విశాఖలో బదిలీ కుటుంబాలు ఎక్కువ. ఏ రాష్ట్రానికి వెళ్లినా చదువు సాగాలని వాళ్లు సీబీఎస్ఈ వైపు మొగ్గుతారు. స్థిరపడిన కుటుంబాల్లో రాష్ట్ర సిలబస్‌లో ఫౌండేషన్ చదివించి ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీకి పంపడం ఎక్కువ. రెండు దారులూ కలిసేది ఎనిమిది చివర్లో. తొమ్మిదిలో సీబీఎస్ఈ రిజిస్ట్రేషన్ జరుగుతుంది, పదిలో నేరుగా చేరడానికి షరతులెక్కువ. మారాలనుకుంటే ఎనిమిది ముగిసినప్పుడే మారడం తేలిక.

లెక్కలు, సైన్సులో తేడా తగ్గింది. ఇటీవలి సంవత్సరాల్లో పై తరగతులకు రాష్ట్రం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలనే తీసుకుంది. తేడా మిగిలింది భాషల్లో, సోషల్‌లో. రాష్ట్ర పదో తరగతిలో హిందీకి 20 వస్తే పాస్, మిగతా సబ్జెక్టులకు 35. ఆ 20 మీద భరోసాతో హిందీని మధ్య తరగతుల్లోనే వదిలేసినవాళ్లు కేంద్రీయ విద్యాలయం లాంటి చోటికి మారితే తడబడతారు. సీబీఎస్ఈలో మూడో భాష ఎనిమిదితోనే ముగుస్తూ వచ్చింది. తెలుగును మూడో భాషగా తీసుకున్నవాళ్లకు బడిలో తెలుగు అక్కడితో ఆఖరయ్యేది. ఒక చిన్న జాగ్రత్త: ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు 2024లో ఆరుకు, 2025లో ఏడు, ఎనిమిదికి మారాయి. సీనియర్ల పాత గైడ్లు ఇప్పుడు పనికిరావు.

పిల్లల రోజు

గాజువాక నుంచి మధురవాడ వరకు సుమారు 25 కిలోమీటర్లు. మధ్యలో ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక కూడళ్లు. బడి ఎంత మంచిదైనా రోజుకు రెండున్నర గంటలు బస్సులో పోతే నిద్రలోంచో, ఆటలోంచో, చదువులోంచో కోయాలి. చేర్చేముందు దూరం కన్నా స్టాపు వరుస అడగాలి. కొన్ని బస్సులు సాయంత్రం రూటు తిరగేస్తాయి, కొన్ని ఉదయం వరుసలోనే వెళతాయి. మొదటి పద్ధతిలో పొద్దున అందరికన్నా ముందు ఎక్కినవాళ్లే సాయంత్రం అందరికన్నా చివర దిగుతారు. రెండో పద్ధతిలో కనీసం సాయంత్రం ముందు దిగుతారు.

2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం 6-8 తరగతులకు హోంవర్క్ రోజుకు గంట దాటకూడదంటుంది. ఆరు సబ్జెక్టుల టీచర్లు ఒకరికి తెలియకుండా ఒకరు "పావుగంట పని" ఇస్తే గంటన్నర అవుతుంది. తప్పు ఏ ఒక్కరిదీ కాదు, కలిపి చూసే మనిషి లేకపోవడమే. ఆ విధానంలోనే బ్యాగు బరువు 6, 7 తరగతులకు 2 నుంచి 3 కిలోలు, 8కి 2.5 నుంచి 4 కిలోలు. మొత్తం మీద శరీర బరువులో పదో వంతు మించకూడదు. లీటరు సీసా నింపితే నీళ్లే కిలో. విశాఖ ఉక్కపోతలో ఒకటి చాలదని రెండు పెడితే మూడు కిలోల్లో రెండు అక్కడే అయిపోతాయి. బడిలో తాగే నీళ్లు సరిగా ఉంటే బ్యాగు కిలో పైగా తగ్గుతుంది. డిజిటల్ క్లాసురూమ్ గురించి అడిగేవాళ్లు కుళాయి దగ్గరికి వెళ్లి చూడటం తక్కువ.

క్యాలెండరులో బలహీనమైన చోటు అక్టోబరు, నవంబరు. దసరా సెలవులకు తోడు బంగాళాఖాతంలో వాయుగుండం పడితే వర్షం సెలవులు కలుస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో బడులు రోజుల తరబడి మూతపడ్డాయి. మామూలు ఏడాదిలోనూ నాలుగైదు రోజులు పోతే ఎస్‌ఏ-1కి (మొదటి సమ్మేటివ్ పరీక్షకు) ముందు పాఠాలు పరుగులు పెడతాయి. లెక్కల్లో ఆ రోజుల్లో ఏ అధ్యాయం నడిచిందో గుర్తుపెట్టుకుని సంక్రాంతి సెలవుల్లో దాన్ని ఒకసారి తిరగేస్తే చాలు.

ఫెయిల్ చేస్తారా?

2009 చట్టం ప్రకారం ఎనిమిది వరకు ఆపకూడదు. 2019 సవరణ 5, 8 తరగతుల్లో ఆపాలా వద్దా అన్న నిర్ణయాన్ని ప్రభుత్వాలకు వదిలింది. 2024 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం తప్పినవాళ్లకు అదనపు బోధన ఇచ్చి రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు, బడి నుంచి పంపేయకూడదు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లాంటి వాటికి ఇది నేరుగా వర్తిస్తుంది. ప్రైవేటు బడి ఆరులోనో ఏడులోనో తనంతట తాను ఆపేయడానికి ఇందులో వీలు లేదు. "రిజల్ట్ పాడవుతుంది, వేరే బడి చూసుకోండి" అన్న సలహాకు ఏ చట్టమూ ఆధారం కాదు.

ఎనిమిది ముగిసే లోపు

పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు బడి రికార్డు నుంచే వెళతాయి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తి పేరా అన్న తేడాలు ఆధార్‌కూ బడి రిజిస్టరుకూ మధ్య ఉంటే ఎనిమిదిలో సరిచేయడం హెడ్‌మాస్టరుకు దరఖాస్తుతో అయ్యే పని. పది రాశాక బోర్డు దాకా వెళ్లాలి. విద్యార్థికిచ్చే 12 అంకెల గుర్తింపు సంఖ్య అయిన అపార్ ఐడీలో కూడా పేరు ఆధార్‌తో సరిపోవాలి. బడి మారేవాళ్లు టీసీతో పాటు ఏడాదివారీ స్టడీ సర్టిఫికెట్లు అప్పుడే తీసుకోవాలి. స్థానికత చూపాల్సిన చోట అవే అడుగుతారు. పిల్లలు చదివిన బ్రాంచి మూతపడ్డాకో పేరు మారాకో ఆ కాగితం కోసం తిరగడం చాలా కష్టం.